మెల్‌బోర్న్ గవర్నమెంట్ ఆసుపత్రిలో శాలరీ ప్యాకేజింగ్: నా అనుభవం

మెల్‌బోర్న్ పడమర వైపు, టార్నీట్, విండమ్ వేల్ దగ్గర మనవాళ్ల ఇళ్లలో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా గవర్నమెంట్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సో, ఫార్మసిస్టో ఒకరు తగులుతున్నారు. ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి అడిగేది కూడా ఒకటే: "అక్కా, ఆ తొమ్మిది వేల పది డాలర్ల సంగతేంటి, నిజంగానే దానికి పన్ను ఉండదా?" ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక రాసి పెడుతున్నా. నేను అకౌంటెంట్‌ని కాదు, వార్డు నర్సుని. నా జీతం మీద నేను పడిన కుస్తీ ఇది. అంకెలు 2025-26వి.

మొదట ఒక్క ముక్క. శాలరీ ప్యాకేజింగ్ అంటే జీతంలో కొంత భాగాన్ని పన్ను కోయకముందే అద్దె, లోను లాంటి మన ఖర్చులకి కట్టించుకోవడం, గవర్నమెంట్ ఆసుపత్రిలో అది ఏడాదికి 9,010 డాలర్ల దాకా. ఇది దానంతట అది రాదు. ఆసుపత్రిలో చేరిన రోజు ఓరియెంటేషన్‌లో ఒక ఫోల్డర్ చేతిలో పెడతారు, అందులో ఫైర్ ఎగ్జిట్లూ, చేతులు కడుక్కునే పద్ధతీ, పార్కింగ్ పర్మిట్టూ, వాటి మధ్యలో ఎక్కడో ఈ శాలరీ ప్యాకేజింగ్ కరపత్రం కూడా ఉంటుంది. ఎవరూ ఆగి వివరించరు. నాకు చెప్పింది మా వార్డులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న ఒక మలయాళీ నర్సు, మేమందరం చేచ్చీ అని పిలుస్తాం. నైట్ షిఫ్టులో టీ రూమ్‌లో కూర్చున్నప్పుడు "ప్యాకేజింగ్ పెట్టావా?" అని అడిగింది. ఇంకా చూడలేదన్నాను. "మార్చి 31 లోపు పెట్టు, ఏప్రిల్ వస్తే ఈ ఏడాదిది పోయినట్టే" అంది. అప్పటికి అక్టోబరు. జూలై నుంచి జూన్ కదా ఇక్కడి పన్ను సంవత్సరం, మార్చి ఎందుకొచ్చింది మధ్యలో అని అప్పుడు తవ్వడం మొదలుపెట్టాను.

సంగతేంటంటే ఆస్ట్రేలియాలో కంపెనీ ఉద్యోగికి జీతం బదులు ఇంకేదైనా ఇస్తే, అంటే అద్దె కట్టినా, కారు ఇచ్చినా, ఆ కంపెనీయే దాని మీద ఫ్రింజ్ బెనిఫిట్స్ టాక్స్ కట్టాలి. అందరూ ఎఫ్‌బీటీ అంటారు. 1986లో తెచ్చిన చట్టం. రేటు 47 శాతం కాబట్టి మామూలు కంపెనీలో నీ ఇంటి అద్దెను జీతంలోంచి కట్టించుకుంటే ఎవరికీ లాభం ఉండదు. గవర్నమెంట్ ఆసుపత్రులకీ, అంబులెన్స్ సర్వీసులకీ మాత్రం ఒక్కో ఉద్యోగి మీద 17,000 డాలర్ల దాకా ఆ పన్ను లేదు. ఈ ఎఫ్‌బీటీ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా నడుస్తుంది, చేచ్చి చెప్పిన తేదీ అక్కడిది.

మరి 17,000 ఎక్కడ, 9,010 ఎక్కడ? చట్టంలో ఆ పరిమితిని ఉత్తినే రాయరు, ఆ లాభం నీకు రావాలంటే పన్ను కట్టే జీతం ఎంత సంపాదించాలో లెక్కేసి పెంచి రాస్తారు. పెంచే గుణకం 1.8868. 17,000ని దాంతో భాగిస్తే 9,010. నీ జేబులోకి పన్ను లేకుండా వచ్చేది 9,010. ప్రభుత్వం రికార్డులో నీ పేరు పక్కన రాసుకునేది 17,000. ఈ రెండో అంకె గురించి టీ రూమ్‌లో ఎవరూ మాట్లాడరు, అసలు తలనొప్పి అంతా దాంతోనే, దాని దగ్గరికి తర్వాత వస్తా. ఈ పరిమితి 2000ల మొదట్లో పెట్టింది, ఇప్పటికీ అంతే. మధ్యలో ఎఫ్‌బీటీ రేటు 49 శాతం చేసిన రెండేళ్లు 17,667 అని మార్చారు కానీ చేతికొచ్చేది అప్పుడూ అదే 9,010. ఇరవై ఏళ్లకు పైగా అద్దెలు ఎక్కడికి వెళ్లాయో మీకు తెలుసు.

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఫిబ్రవరిలో ఎల్ఐసీ రసీదులు, మా ఫీజుల రసీదులు, ఇంటి ఓనరు దగ్గర సంతకం పెట్టించుకున్న అద్దె కాగితాలు అన్నీ పోగేసి 80సీ కింద ఎంత, హెచ్ఆర్ఏ కింద ఎంత అని మంచం మీద పరుచుకుని కూర్చునేవారు. నేను కూడా ఇక్కడ అలాగే జూన్‌లో రసీదులు తీసుకెళ్లి ఇస్తే చాలేమో అనుకునేదాన్ని. ఇక్కడ కుదరదు. జీతం సంపాదించకముందే "ఇంత నాకు జీతంగా వద్దు, ఈ ఖర్చుకి కట్టండి" అని ఒప్పందం ఉండాలి. అయిపోయిన నెలల జీతానికి వెనక్కి వెళ్లి పెట్టుకోవడం ఉండదు. ఫారం పెట్టిన తర్వాత వచ్చే పే నుంచే.

ఇక్కడే ఒక మంచి సంగతి కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఏడాది మధ్యలో చేరినా పరిమితి సగం కాదు. అక్టోబరులో చేరితే మార్చిలోపు మొత్తం 9,010 వాడుకోవచ్చు, మిగిలిన పేలలో ఎక్కువెక్కువ తీయించుకోవాలి అంతే. ఏడాదంతా అయితే రెండు వారాలకోసారి 346 డాలర్ల 54 సెంట్లు పోతుంది, పన్నెండు పేలే మిగిలుంటే ఒక్కో పేలో 750 పోతుంది. కొత్తగా కాపురం పెట్టి, సోఫా కొని, అద్దింటి అడ్వాన్సు (బాండు) కట్టి ఉన్న నెలల్లో పేస్లిప్‌లో అంత తగ్గితే గుండె గుభేలుమంటుంది కానీ ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఇంకో దారిలో మనకే వస్తుంది.

ఆసుపత్రి ఈ పని సొంతంగా చేయదు, బయటి కంపెనీకి అప్పగిస్తుంది. వాళ్ల వెబ్‌సైటులో అకౌంటు తెరిచి, ఉద్యోగి నంబరు కొట్టి, ఏ ఖర్చుకి కట్టించుకుంటావో ఎంచుకోవాలి: అద్దె, సొంతింటి లోను కంతు, క్రెడిట్ కార్డు బిల్లు, లేదంటే వాళ్లే ఇచ్చే ఒక కార్డు. అద్దె పెడదామనుకున్నాను, ఎందుకంటే మా అద్దె నాలుగైదు నెలలదే ఈ పరిమితిని మింగేస్తుంది, ఒకసారి కాగితాలిస్తే మళ్లీ చూడక్కర్లేదు. కానీ లీజు మా ఆయన ఒక్కడి పేరు మీద ఉంది, నేను డిపెండెంట్‌గా వచ్చిన రోజుల్లో రాసింది. వాళ్లు లీజు చెల్లదన్నారు. పెళ్లి సర్టిఫికెట్ పంపాను, కాదు నీ అకౌంటులోంచి అద్దె పోతున్నట్టు స్టేట్‌మెంటు కావాలన్నారు. జాయింటు అకౌంటుది పంపితే పేరు పూర్తిగా కనిపించట్లేదని వెనక్కి కొట్టారు. ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటినుంచీ. ఈలోగా పేరోల్ కటాఫ్ దాటిపోతోంది. ఇక వదిలేసి కార్డు పెట్టుకున్నాను. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు, ప్రతి పేకీ కార్డులో డబ్బు పడుతుంది, సరుకులకీ పెట్రోలుకీ కరెంటు బిల్లుకీ గీకడమే. ఏటీఎంలో క్యాష్ తీయడం కుదరదు. మన ఇండియన్ షాపులో కందిపప్పూ గోంగూరా కూడా దాంతోనే కొంటున్నాను. ఇప్పుడు ఎవరడిగినా నేరుగా కార్డే పెట్టుకోమంటున్నా, ఫీజు కొంచెం తేడా ఉన్నా సరే. ఇంటి లోను ఇద్దరి పేర్ల మీదా ఉంటే మాత్రం లోనే సుఖం.

మొదటి పేస్లిప్ వచ్చినప్పుడు మా ఆయన చూసి "ఇదేంటి, జీతం తగ్గింది, దీనికా ఇన్ని ఫోన్లు చేశావు?" అన్నాడు. ఐటీలో ప్రైవేటు కంపెనీ, ఆయనకి ఈ సౌకర్యం లేదు, అందుకే కొంచెం కడుపుమంట కూడా ఉందనుకోండి. కూర్చోబెట్టి లెక్క చూపించాను. జీతం 90,000 అనుకుందాం. ఏమీ పెట్టకపోతే ఇన్‌కమ్ టాక్స్ 17,788, ప్రభుత్వ ఆరోగ్య పథకం కోసం కోసే మెడికేర్ లెవీ 2 శాతం చొప్పున 1,800, మొత్తం 19,588. ప్యాకేజింగ్ పెడితే పన్ను లెక్కకొచ్చే జీతం 80,990. దాని మీద రెండూ కలిపి సుమారు 16,705. తేడా 2,883 డాలర్లు. కంపెనీ ఫీజు అందులోంచి కొంత తింటుంది, అయినా మిగిలింది ఇండియా టికెట్లకి పనికొస్తుంది. ప్యాకేజింగ్ తీసేశాక కూడా 45,000 పైన ఉండి, 135,000 దాటని జీతం ఉన్నవాళ్లందరికీ ఇంచుమించు ఇదే లెక్క, ఎందుకంటే ఆ శ్లాబులో 30 శాతం పన్ను, 2 శాతం లెవీ. దానికి కిందైతే 16 శాతం శ్లాబు కాబట్టి లాభం సగానికి పడిపోతుంది. 18,200 లోపు పన్నే లేదు, పార్ట్‌టైంలో తక్కువ గంటలు చేసే స్టూడెంట్లు ఇది పెట్టుకుని ఫీజు కట్టుకోవడం దండగ.

ఇంకో కార్డు కూడా ఉంటుంది, భోజనాలది. దాని పరిమితి వేరు, లెక్కలో 5,000, చేతికి 2,650. రెస్టారెంటులో ఇంకొకరితో కూర్చుని తిన్న బిల్లుకి. పార్సిల్‌కి కుదరదు, ఒక్కదానివే వెళ్లి తింటే కుదరదు, సూపర్‌మార్కెట్‌లో కుదరదు. బిర్యానీ పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో టీవీ ముందు తినే మా ఇంటికి ఇది మొదట అక్కర్లేదనుకున్నాను. తర్వాత మా అత్తగారూ మామగారూ మూడు నెలలు వచ్చి ఉన్నప్పుడు వారానికోసారి బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది, అప్పుడు పెట్టుకున్నా. ఒక్క సలహా, దీనికోసం ప్రత్యేకంగా హోటళ్లకి వెళ్లకండి. వంద డాలర్ల భోజనంలో 32 డాలర్లు మిగులుతాయని 68 ఖర్చుపెట్టడం మిగులు ఎలా అవుతుంది? మార్చి నెలలో మా వార్డు వాళ్లంతా కార్డులో మిగిలింది ఖాళీ చేయడానికి లంచ్‌లకి బయల్దేరుతారు, ఏడాదంతా డబ్బాలో పెరుగన్నం తెచ్చుకునేవాళ్లు కూడా.

ఇప్పుడు ఆ రెండో అంకె. జూలైలో మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇన్‌కమ్ స్టేట్‌మెంట్ తెరిస్తే జీతం తగ్గి కనిపిస్తుంది, బానే ఉంది, దాని కింద "రిపోర్టబుల్ ఫ్రింజ్ బెనిఫిట్స్" అని 17,000 ఉంటుంది. భోజనాల కార్డు కూడా పూర్తిగా వాడితే 22,000. నీకు వచ్చింది 9,010, రాసింది 17,000. దీని మీద ఇన్‌కమ్ టాక్స్ వేయరు, కంగారు పడక్కర్లేదు. కానీ నీ ఆదాయం ఎంత అని ప్రభుత్వం వేరే పనుల కోసం అడిగినప్పుడు దీన్ని కలుపుతుంది.

ఇది ఎక్కువగా తగిలేది హెక్స్ అప్పు, అంటే యూనివర్సిటీ ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే అప్పు ఉన్నవాళ్లకి. టెంపరరీ వీసా మీద ఉండి ఫీజు మొత్తం కట్టి చదివిన నాలాంటివాళ్లకి ఆ అప్పు ఉండదు, పౌరసత్వం వచ్చాక ఇక్కడ చదివినవాళ్లకీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకీ ఉంటుంది. మా వార్డులో ఒక తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టింది, తన జీతం కూడా ఇంచుమించు ఆ 90,000. ఇప్పటి పద్ధతిలో 67,000 దాటిన ప్రతి డాలరుకీ 15 సెంట్లు అప్పుకి కట్టాలి. ప్యాకేజింగ్ లేకపోతే 3,450 కట్టేది. ఉంటే లెక్కలో తన ఆదాయం 80,990కి 17,000 కలిపి 97,990 అయింది, కట్టాల్సింది 4,648. దాదాపు 1,200 ఎక్కువ. తన అప్పే కాబట్టి డబ్బు వృథా కాలేదు, త్వరగా తీరుతుంది. అయితే పేరోల్ వాళ్లు కోసేది తగ్గిన జీతం చూసి, అందుకని ఈ తేడా అంతా రిటర్ను వేసినప్పుడు ఒకేసారి బిల్లుగా వచ్చి పడింది. రీఫండ్ వస్తుందని బాలీకి టికెట్లు బుక్ చేసుకుని కూర్చున్న పిల్ల ఏడుపొక్కటే తక్కువ. పేరోల్‌కి మెయిల్ పెట్టి ప్రతి పేలో కొంచెం ఎక్కువ కోయమని ముందే చెప్పుకుంటే ఈ గొడవ ఉండదు, ఇప్పుడు తను అదే చేస్తోంది.

రెండోది మెడికేర్ లెవీ సర్‌ఛార్జి. ప్రైవేటు హాస్పిటల్ ఇన్సూరెన్సు లేనివాళ్లకి ఆదాయం ఒంటరివాళ్లైతే 101,000, కుటుంబమైతే 202,000 దాటితే కనీసం 1 శాతం అదనంగా పడుతుంది. అదే 90,000 మనిషి పెళ్లికాకుండా రెండు కార్డులూ పూర్తిగా వాడితే 78,340కి 22,000 కలిపి 100,340. గీత దాటలేదు, కానీ క్రిస్మస్ రోజు ఒక్క షిఫ్టు డబుల్ పెనాల్టీతో చేస్తే దాటుతుంది. అలా దాటితే వెయ్యి డాలర్లకు పైనే. మాకు ఫ్యామిలీ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి దీని టెన్షన్ లేదు.

పిల్లల డేకేర్ సబ్సిడీ గురించి అమ్మలు ఎక్కువ భయపడుతుంటారు. అక్కడ ఆసుపత్రి వాళ్లకి లెక్క వేరు, 17,000లో 53 శాతమే కలుపుతారు, అంటే మళ్లీ ఆ 9,010 దగ్గరికే వస్తుంది. ప్యాకేజింగ్ పెట్టినా పెట్టకపోయినా సబ్సిడీ లెక్కలో ఆదాయం ఒకటే. దీనివల్ల మా పాపకి డేకేర్‌లో సబ్సిడీ తగ్గుతుందేమోనని నేను పోగొట్టుకున్న నిద్రకి ఎవరూ సర్‌ఛార్జి ఇవ్వరు.

ప్యాకేజింగ్ పెట్టిన కొన్నాళ్లకే కారు లీజు ఫోన్లు మొదలవుతాయి. నోవేటెడ్ లీజు అంటారు, కారు కంతు, ఇన్సూరెన్సు, సర్వీసింగు అన్నీ జీతంలోంచే పోతాయి. 2022 జూలై నుంచి ఎలక్ట్రిక్ కార్లకి ఎఫ్‌బీటీ లేదు, ధర 91,387 లోపు ఉండాలి, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకి 2025 ఏప్రిల్‌తో కొత్త లీజుల మీద ఆ సౌకర్యం పోయింది. ఎలక్ట్రిక్ కారైతే మీ 9,010 అలాగే ఉండి ఇది దానిపైన అదనం, నిజంగా మంచిదే. కానీ ఫోన్లో ఆ అబ్బాయి చెప్పే "వారానికి ఇంత ఆదా" అన్న మాట వినగానే సంతకం పెట్టేయకండి. వడ్డీ రేటు ఎంతో విడిగా రాసివ్వమని అడగండి, నాకైతే మూడుసార్లు అడిగించుకున్నాక గానీ చెప్పలేదు. ఐదేళ్ల లీజు చివర్లో కారు ధరలో 28 శాతం పైన మళ్లీ కట్టాలి, లేదా కారు అమ్మి తీర్చాలి. 60,000 కారుకి ఏడాదికి 22,600 దాకా రిపోర్టబుల్ అంకె కూడా పెరుగుతుంది, పన్ను లేకపోయినా. హెక్స్ ఉన్నవాళ్లు పైన చెప్పిన లెక్క మళ్లీ చేసుకోండి. మేం తీసుకోలేదు, మా పాత కరోలా ఇంకా బాగానే నడుస్తోంది.

నాకు ఈ పద్ధతి మీద ఒక అభిప్రాయం ఉంది, చెప్పేస్తా. ఆసుపత్రులు నడిపేది విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం, వదులుకునే పన్ను కేంద్రానిది. జీతాల బేరాల దగ్గర "మీకు ప్యాకేజింగ్ కూడా ఉంది కదా" అనే మాట వస్తూనే ఉంటుంది. మా పక్కింటి వదిన గవర్నమెంట్ స్కూల్లో టీచరు, ఆవిడా అదే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగే, ఆవిడకి ఈ 9,010 లేదు. కారు లీజూ, సూపర్‌లో (రిటైర్‌మెంట్ ఫండులో) వేసుకోవడమూ తప్ప ఆవిడకి ఏమీ రాదు. మా తమ్ముడి భార్య లాభాపేక్ష లేని సంస్థలో డిసేబిలిటీ సపోర్టు వర్కరు, తనకి నాకంటే ఎక్కువ, ఏడాదికి 15,900. అదే పని ప్రైవేటు కంపెనీలో చేసే వాళ్ల స్నేహితురాలికి సున్నా. అదే పని, అదే యూనిఫాం. జీతాలు సరిగ్గా పెంచడం చేతకాక ఇలా దొడ్డిదారిన ఇస్తున్నారనిపిస్తుంది నాకు. అలా అనిపిస్తోందని వదులుకోను, అది వేరే సంగతి.

ఇళ్లు కొనే ప్రయత్నంలో ఉన్నవాళ్లకి ఒక మాట. పేస్లిప్‌లో జీతం తక్కువ కనిపిస్తుందని బ్యాంకు లోను తగ్గిస్తుందేమోనని మా ఆయన భయపడ్డాడు. బ్రోకరు ప్యాకేజింగ్ కంపెనీ దగ్గర్నుంచి ఒక లెటరు తెమ్మన్నాడు, అది చూసి బ్యాంకు ఆ మొత్తాన్ని తిరిగి కలుపుకుంది. అన్ని బ్యాంకులూ ఒకేలా కలపవు, ముందే అడగండి. సూపర్ కూడా అంతే: మా ఆసుపత్రి 12 శాతాన్ని ప్యాకేజింగ్ తీయకముందు జీతం మీదే కడుతుంది. మీ చోట ఎలాగో పేరోల్‌ని అడిగి మెయిల్లో జవాబు తీసుకోండి.

వీసా గురించి కూడా అడుగుతుంటారు. టెంపరరీ వీసా మీద ఉన్నా పెట్టుకోవచ్చు, ఉద్యోగి అయితే చాలు. ఏజెన్సీ ద్వారా వచ్చి షిఫ్టులు చేసేవాళ్లకి మాత్రం జీతమిచ్చేది ఆసుపత్రి కాదు కాబట్టి రాదు. క్యాజువల్ వాళ్ల సంగతి ఆసుపత్రిని బట్టి ఉంటుంది.

పోయిన ఏడాది నేను ఆసుపత్రి మారాను. పరిమితి ఒక్కో యజమాని దగ్గర ఒక్కోటి, కొత్త చోట మళ్లీ 9,010 మొదటినుంచీ వచ్చింది, అదే ఎఫ్‌బీటీ సంవత్సరంలోనే. పాత కార్డులో మిగిలిన డబ్బు ఆఖరి పేకి ముందే వాడేసుకోవాలి, లేకపోతే దాన్ని పన్ను కోసి జీతంగా తిరిగిస్తారు. నేను వెళ్లేముందు వారం పెద్ద సరుకులన్నీ, ఇరవై కేజీల సోనామసూరి బస్తాతో సహా, ఆ కార్డుతో కొనేసి కొత్త చోట మొదటి రోజే ఫారం పెట్టాను. ఈసారి అద్దె జోలికి పోలేదు.